పాత కేసులు, కొత్త శిక్ష

ప్రశ్న: అమెరికా ఫెడరల్ కోర్టులో మా తమ్ముడు నేరం ఒప్పుకున్నాడు. గైడ్‌లైన్స్ ప్రకారం 30 నుంచి 37 నెలలు పడొచ్చట. పాత కేసులున్నాయి కనుక జడ్జి ఇంకా ఎక్కువ వేసినా వేయొచ్చని లాయరు గారు అంటున్నారు. ఆ కేసుల్ని కలిపే కదా 30–37 అన్నారు? ఒకే తప్పును రెండుసార్లు లెక్కేస్తారా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

సమాధానం: అడగాల్సిన ప్రశ్నే అడిగారమ్మా. కానీ ఆ ఒక్క వాదనతో గట్టెక్కడం కష్టం.

గైడ్‌లైన్స్‌లో పాత కేసుల లెక్క ఇలా ఉంటుంది: పాత శిక్ష 13 నెలలు దాటితే 3 పాయింట్లు, కనీసం 60 రోజులైతే 2, మిగతావాటికి 1. మొత్తాన్ని బట్టి ఆరు తరగతుల్లో ఒకదాంట్లో వేస్తారు. ఈ లెక్క ఎంత శిక్ష పడిందో చూస్తుంది గానీ ఏం చేశాడో పెద్దగా చూడదు. బాగా పాతబడ్డ కేసులు అసలు లెక్కకే రావు. జడ్జి కన్ను పడేది అక్కడే: అదే తరహా నేరం మళ్లీ చేశాడా, హింస ఉందా, వెనక తేలిగ్గా వదిలేసినా మారలేదా అని.

2005లో సుప్రీంకోర్టు ఈ గైడ్‌లైన్స్‌ను సలహా స్థాయికి దించింది. దాటడానికి అసాధారణ కారణమే ఉండాలని లేదు, ఎంత ఎక్కువ దాటితే అంత గట్టి కారణం చెప్పాలి అని 2007లో తేల్చింది. ఏది గట్టి కారణమన్న దగ్గర అప్పీలు కోర్టులది తలో దారి. 21–27 నెలలు రావాల్సిన మనిషికి 87 నెలలు వేస్తే 2015లో 11వ సర్క్యూట్ సరేనంది. 51–63 ఉన్నచోట 120 వేస్తే 2019లో 6వ సర్క్యూట్ తిప్పి పంపింది. అతని నేరచరిత్ర గైడ్‌లైన్స్ లెక్కలో ముందే ఉంది, అదే తరగతిలోని మిగతావాళ్లకూ ఇతనికీ తేడా ఏమిటో చెప్పమంది. నా మటుకు 6వ సర్క్యూట్ మాటే సబబు.

అయితే డల్లాస్ 5వ సర్క్యూట్ కిందికి వస్తుంది. లెక్కకెక్కిన చరిత్రను జడ్జి మళ్లీ తూచడాన్ని అక్కడ తప్పు పట్టరు. కనుక అప్పీలు మీద ఆశ పెట్టుకోకండి. శిక్షకు ముందు ప్రొబేషన్ ఆఫీసరు ఇచ్చే నివేదిక చేతికొచ్చాక అభ్యంతరాలకు 14 రోజులే గడువు. ప్రతి పాత కేసు వెనక ఏం జరిగిందో కాగితాలతో సహా లాయరు గారికి ఇప్పుడే అందించండి. శిక్ష పెంచబోతున్నానని జడ్జి ముందుగా నోటీసు ఇవ్వనక్కర్లేదు. చట్టం పెట్టిన గరిష్ఠ శిక్షను మాత్రం ఆయనా దాటలేడు.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి పాయింట్ల పట్టిక ఉందా?
– న్యాయ విద్యార్థి, గుంటూరు

సమాధానం: లేదు. కరెన్సీ, స్టాంపులు, ఆస్తికి సంబంధించిన కొన్ని నేరాల్లో రెండోసారి దోషిగా తేలితే శిక్ష పెంచడానికి భారతీయ న్యాయ సంహిత 13వ సెక్షన్ ఉంది. మాదకద్రవ్యాల చట్టంలోనూ అలాంటిదే ఒకటుంది. మిగిలిన చాలా నేరాల్లో జడ్జి విచక్షణే. పట్టిక లేకపోవడం నిందితుడికి లాభమని చాలామంది అనుకుంటారు. కానీ శిక్ష ఎక్కువ పడిందని అప్పీలులో చూపించడానికి కొలత కూడా ఉండదు మరి.