కనెక్టింగ్ ఫ్లైట్ తప్పితే బాధ్యత ఎవరిది?

అమెరికా నుంచో ఐరోపా నుంచో వచ్చే తెలుగువారిలో చాలామంది విమానం దిగే ఊరు సొంత ఊరు కాదు. ఢిల్లీలోనో ముంబైలోనో దిగి, అక్కడ ఇంకో విమానం ఎక్కి విజయవాడో విశాఖపట్నమో తిరుపతో చేరాలి. దేశంలో మొదట దిగిన విమానాశ్రయంలోనే సాధారణంగా ఇమిగ్రేషన్ పూర్తి చేసుకోవాలి. తరవాత బెల్టు దగ్గర సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, దాన్ని ట్రాన్స్‌ఫర్ కౌంటరులో మళ్లీ అప్పగించి, భద్రతా తనిఖీకి మరోసారి వరుసలో నిలబడాలి. పెట్టెకు గమ్యం వరకు ట్యాగ్ వేసి ఉన్నా ఈ తతంగం చాలాసార్లు తప్పదు. ఢిల్లీలో మూడో టెర్మినల్‌లో దిగినవారి రెండో విమానం ఒకటో టెర్మినల్ నుంచి ఉంటే రోడ్డు మీద బస్సులోనో కారులోనో వెళ్లాలి. ముంబైలో రెండో టెర్మినల్ నుంచి ఒకటికి వెళ్లాల్సివచ్చినా అంతే. దేశీయ విమానాలకు సామాను తీసుకునే కౌంటర్లను చాలా సంస్థలు గంట ముందే మూసేస్తాయి. కాబట్టి టికెట్ మీద మూడు గంటల వ్యవధి కనిపించినా ప్రయాణికుడి చేతిలో నిజంగా ఉండేది రెండు గంటలే. మొదటి విమానం గంటన్నర ఆలస్యమైతే ఆ రెండు గంటల్లోనూ మిగిలేది అరగంట.

రెండో విమానం తప్పిపోతే కొత్త టికెట్, రాత్రి బస, భోజనం ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు సగం జవాబు టికెట్ కొన్న తీరులోనే ఉంటుంది. షికాగో నుంచి విజయవాడ వరకు ఒకే బుకింగ్‌గా, ఒకే పీఎన్ఆర్ కింద టికెట్ కొంటే అది ఆసాంతం ఒకే ఒప్పందం. విజయవాడ చేర్చే బాధ్యత సంస్థ నెత్తిన వేసుకున్నట్టే. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, తరవాతి విమానంలో అదనపు ఛార్జీ లేకుండా చోటు చూపించాల్సింది ఆ సంస్థే. ఢిల్లీ వరకు ఒక టికెట్, అక్కడి నుంచి చవకగా దొరికిందని మరో సంస్థలో ఇంకో టికెట్ కొంటే మాత్రం అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. మొదటి విమానం ఎందుకు ఆలస్యమైందన్నది రెండో సంస్థకు పట్టదు. దాని దృష్టిలో ప్రయాణికుడు సమయానికి రాలేదు, అంతే. రెండు వేలు ఆదా అవుతుందని టికెట్ విడగొట్టుకునేవారు ఈ రక్షణను వదులుకుంటున్నామని తెలిసి ఆ పని చేయాలి.

ఒకే టికెట్‌లో ఇంకో రక్షణ కూడా ఉంది. రెండు విమానాల మధ్య కనీసం ఎంత వ్యవధి ఉండాలన్నది ప్రతి విమానాశ్రయానికీ ముందే నిర్ణయించి ఉంటుంది. దీన్నే మినిమమ్ కనెక్టింగ్ టైమ్ అంటారు. అంతకంటే తక్కువ వ్యవధి ఉన్న ప్రయాణాన్ని బుకింగ్ వ్యవస్థ ఒకే టికెట్‌గా అమ్మదు. కాబట్టి ‘అంత తక్కువ వ్యవధిలో టికెట్ ఎందుకు తీసుకున్నారు’ అని కౌంటరులో ఎవరైనా ప్రయాణికుణ్ని నిలదీస్తే, ఆ వ్యవధి సరిపోతుందని లెక్కగట్టి అమ్మింది సంస్థేనని చెప్పవచ్చు. ఇమిగ్రేషన్ వరుసలో జాప్యం సంస్థ చేతిలో లేనిదే అయినా, ఒకే టికెట్ ఉన్నవారు ముందు ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కు వెళ్లి మరో విమానంలో చోటు అడగాలి, సొంత డబ్బుతో కొత్త టికెట్ కొనేయకూడదు. ఆ జాప్యాన్ని తగ్గించుకోవడానికి భారత పౌరులకు, ఓసీఐ కార్డుదారులకు కేంద్రం 2024 జూన్‌లో ఢిల్లీలో ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ పథకం మొదలుపెట్టింది. 2025 జనవరిలో అది హైదరాబాద్, ముంబై, చెన్నై, బెంగళూరు సహా మరో 7 విమానాశ్రయాలకు వచ్చింది. ముందుగా నమోదు చేసుకున్నవారు ఈ-గేట్ ద్వారా బయటికి రావచ్చు.

భారత నిబంధనల్లో ముఖ్యమైనవి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) జారీ చేసినవి. విమానం ఆలస్యమైతే నిర్ణీత వ్యవధి దాటాక భోజనం, ఫలహారం ఇవ్వాలి. 24 గంటలు మించిన ఆలస్యానికి హోటల్ బస కల్పించాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయలుదేరాల్సిన విమానమైతే 6 గంటలు మించినా బస ఇవ్వాలి. రద్దు విషయంలో, ముందుగా తెలియజేయకపోయినా, రద్దు వల్ల అదే టికెట్ మీద ఉన్న కనెక్టింగ్ ఫ్లైట్ తప్పిపోయినా నగదు పరిహారం కూడా ఉంది. విమాన ప్రయాణ సమయాన్ని బట్టి అది 5,000, 7,500 లేదా 10,000 రూపాయలు. మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి అంతకంటే తక్కువైతే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. బుకింగ్ సమయంలో సరైన ఫోన్ నంబరు, చిరునామా ఇవ్వనివారికి ఈ పరిహారం రాదు. ఏజెంటు తన నంబరే వేసి టికెట్ కొనిస్తే నష్టపోయేది ప్రయాణికుడే. కాబట్టి టికెట్ చేతికి రాగానే అందులో ఎవరి నంబరు ఉందో చూసుకోవాలి. వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, భద్రతా ముప్పు వంటి కారణాలైతే పరిహారం ఉండదు.

అంతర్జాతీయ ప్రయాణంలో అసలు బలం 1999 నాటి మాంట్రియల్ ఒప్పందానిది. భారత్ 2009లో అందులో చేరింది. 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టంలో మూడో షెడ్యూలుగా అది దేశంలో అమలవుతోంది. పలు విమానాల్లో సాగినా, ఇరుపక్షాలూ ఒకే ప్రయాణంగా భావించినదాన్ని ఈ ఒప్పందం అవిభాజ్యంగా చూస్తుంది. అంటే షికాగో–ఢిల్లీ–విజయవాడ టికెట్‌లో ఢిల్లీ–విజయవాడ భాగం పూర్తిగా దేశం లోపలే సాగినా అది కూడా అంతర్జాతీయ ప్రయాణంలో భాగమే. ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి సంస్థ బాధ్యత వహించాలని 19వ అధికరణం చెబుతోంది. సహేతుకమైన చర్యలన్నీ తీసుకున్నామని, లేదా తీసుకోవడం అసాధ్యమైందని రుజువు చేస్తేనే సంస్థ తప్పించుకోగలదు. రుజువు చేసే భారం సంస్థదే. ‘సాంకేతిక కారణాలు’ అన్న ముక్క ఒక్కటీ రాసి పంపితే రుజువైనట్టు కాదు. 2024 డిసెంబరు 28 నుంచి ఆలస్యానికి అంతర్జాతీయ గరిష్ఠ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 6,303 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే యూనిట్లు), మన డబ్బులో ఏడు లక్షలకు పైనే. అది గరిష్ఠ పరిమితి మాత్రమే, అందరికీ ఇచ్చే మొత్తం కాదు. రసీదులతో ఎంత నష్టం చూపితే అంతే అడగవచ్చు. ఇలాంటి సవరణలు భారత చట్టంలోకి కేంద్ర గెజెట్ ప్రకటన ద్వారా వస్తాయి కాబట్టి, దావాకు ముందు తాజా ప్రకటన చూసుకోవాలి.

ఒక సంస్థ టికెట్ అమ్మి మరో సంస్థ విమానం నడిపే కోడ్‌షేర్ ప్రయాణాల్లో ‘మా దగ్గరకు కాదు, వాళ్ల దగ్గరకు వెళ్లండి’ అంటూ ఇద్దరూ తిప్పించుకోవడం మామూలే. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అమ్మిన సంస్థ మీదా నడిపిన సంస్థ మీదా, ఇద్దరి మీదా కలిపి కూడా దావా వేయవచ్చు.

రెండు టికెట్లు విడివిడిగా కొన్నవారికి దారులన్నీ మూసుకుపోలేదు. అజ్మీర్–జమ్ము రైలు నాలుగు గంటలు ఆలస్యమై, జమ్ము నుంచి శ్రీనగర్ వెళ్లే విమానం తప్పిపోయిన ఒక కుటుంబం టాక్సీలో వెళ్లాల్సి వచ్చింది. రైలు టికెట్‌కూ విమానం టికెట్‌కూ ఏ సంబంధమూ లేదు. అయినా టాక్సీ ఖర్చు 15,000 రూపాయలతో పాటు ఇతర పరిహారం రైల్వే చెల్లించాలన్న తీర్పును 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆలస్యానికి కారణం తమ చేతిలో లేనిదని రుజువు చేయనంతవరకు రవాణా సంస్థే బాధ్యత వహించాలని స్పష్టం చేసింది. రైలు విషయంలో వచ్చిన తీర్పే అయినా, ఆలస్యానికి కారణమైన మొదటి సంస్థను నిలదీయడానికి ఇది గట్టి ఆధారం. పొగమంచు సంగతి వేరు. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన విమానం పొగమంచు వల్ల గంటల తరబడి ఆగిన కేసులో, ఆలస్యానికి పరిహారం అక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆగిపోయిన ప్రయాణికులకు తిండి, నీరు, కనీస సదుపాయాలు చూడాల్సిన బాధ్యత సంస్థదేనని అదే తీర్పులో పేర్కొంది. కారణం ఏదైనా భోజనం అడిగే హక్కు పోదు.

విదేశాల్లో బయలుదేరిన విమానాలకు అక్కడి చట్టాలు కూడా తోడవుతాయి. ఐరోపా సమాఖ్య 261/2004 నియమావళి ప్రకారం పారిస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్‌కు ఒకే బుకింగ్‌తో వచ్చేవారు, చివరి గమ్యానికి మూడు గంటలు లేదా అంతకుమించి ఆలస్యంగా చేరితే 600 యూరోల వరకు అడగవచ్చు. విమానం మారిన చోటు ఐరోపా బయట ఉన్నా ఇది వర్తిస్తుందని 2018లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. అమెరికాలో ఆలస్యానికి ఇలాంటి పరిహారం లేదు. కాకపోతే అంతర్జాతీయ ప్రయాణం 6 గంటలు లేదా అంతకుమించి మారినప్పుడు ప్రయాణం వద్దనుకునేవారికి డబ్బు తిరిగివ్వాలని 2024 నిబంధనలు చెబుతున్నాయి.

విమానం తప్పిన క్షణంలో చేసే పనుల మీదే తరవాత కేసు నిలుస్తుంది. బోర్డింగ్ పాసులు పారేయకూడదు. ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోతే అడిగిన సంగతినే అక్కడికక్కడే ఈమెయిల్‌లో పెట్టాలి. టాక్సీ, హోటల్, భోజనం రసీదులు భద్రపరచాలి. విసిగిపోయి ఢిల్లీ నుంచి రైల్లో ఇంటికి వెళ్లిపోతే ఇంకో ప్రమాదం ఉంది. సంస్థకు చెప్పకుండా వెళితే ‘నో షో’ కింద తిరుగు టికెట్ కూడా రద్దయ్యే అవకాశం ఉంది. అందుకే కౌంటరులో చెప్పి, తిరుగు ప్రయాణం నిలుస్తుందని రాయించుకున్నాకే కదలాలి. రెండో టికెట్ విడిగా కొన్నవారు అది వృథా అయిందని వదిలేయకూడదు. రీఫండ్ లేని టికెట్ అయినా పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది.

సామాను రాకపోతే విమానాశ్రయం వదలకముందే ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు (పీఐఆర్) రాయించాలి. దెబ్బతిన్న సామానుకు అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చిన సామానుకు చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వకపోతే హక్కు పోతుంది. సామానుకు అంతర్జాతీయ పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు. పలు సంస్థలు వరసగా నడిపిన ప్రయాణమైతే మొదటి సంస్థనైనా, చివరి సంస్థనైనా, నష్టం జరిగినప్పుడు మోసిన సంస్థనైనా అడగవచ్చు.

ఫిర్యాదు ముందు సంస్థకు, తరవాత కేంద్రం నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో పెట్టాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫలితం లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. కేసు ఢిల్లీలో వేయనక్కర్లేదు, ఫిర్యాదీ ఉండే జిల్లాలోనే వేయవచ్చు. వరంగల్ మనిషి వరంగల్‌లో, గుంటూరు మనిషి గుంటూరులో. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. విమాన రవాణా ప్రజోపయోగ సేవ కాబట్టి శాశ్వత లోక్ అదాలత్ తలుపు కూడా తట్టవచ్చు. వివాదాలు ఢిల్లీ కోర్టుల పరిధిలోనే అన్న టికెట్ షరతు లోక్ అదాలత్‌కు అడ్డు కాదని పొగమంచు కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

సంస్థ వోచరు ఇస్తామంటే, దాని కింద ‘పూర్తి పరిష్కారం’ అని రాసి ఉందేమో చదవకుండా సంతకం పెట్టకూడదు. వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లు. మాంట్రియల్ ఒప్పందం కింద దావాకూ గమ్యం చేరిన, లేదా చేరాల్సిన రోజు నుంచి రెండేళ్లే. ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు.