కణం రెండయ్యే వేళ

మన చర్మం, రక్తం, పేగుల లోపలి పొర నిత్యం కొత్తబడుతూ ఉంటాయి. ఒక కణం రెండుగా చీలితేనే కొత్త కణం పుడుతుంది. మనిషి కణంలో సాధారణంగా 46 క్రోమోజోములు ఉంటాయి. చీలే ముందు కణం వాటన్నిటికీ నకళ్లు తయారు చేసుకుంటుంది. తర్వాత అసలు ఒకవైపు, నకలు మరోవైపు చేరాలి. ఒక్కటి అటూఇటూ అయినా లెక్క తప్పుతుంది.

ఈ పంపకాన్ని నడిపించేవి ప్రోటీన్లు. కోహెసిన్ అనే ప్రోటీన్ ఉంగరంలా చుట్టుకొని అసలునూ నకలునూ కలిపి ఉంచుతుంది. కణం రెండు కొసల నుంచి వచ్చే కండె తంతువులు ప్రతి జంటనూ చెరోవైపు పట్టుకుంటాయి. ఉంగరాన్ని తెంచే కత్తెర సెపరేస్. అది తొందరపడకుండా సెక్యూరిన్ అనే మరో ప్రోటీన్ ఆపి ఉంచుతుంది. ఒక్క క్రోమోజోముకు తంతువు సరిగా అందకపోయినా మాడ్, బబ్ అనే కాపలా ప్రోటీన్లు విభజనను నిలిపివేస్తాయి. వీటి జన్యువులను 1991లో ఈస్ట్ కణాల్లో గుర్తించారు. అన్నీ కుదురుకున్నాకే సెక్యూరిన్ కరిగిపోతుంది, సెపరేస్ ఉంగరాలను తెంచుతుంది, జంటలన్నీ ఒక్కసారిగా విడిపోతాయి.

అండం విషయంలో ఈ నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. అది తిరిగి సాగేది ఆమె పెద్దదైన తర్వాతే. అప్పుడు వేసిన కోహెసిన్ ఉంగరాల స్థానంలో కొత్తవి చేరవని ఎలుకలపై చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. వయసుతో ఆ పట్టు సడలితే అండంలోకి ఒక క్రోమోజోము అదనంగా చేరవచ్చు. అది 21వ క్రోమోజోము అయితే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వస్తుంది. ఈ సంగతిని 1959లో ఫ్రాన్స్ పరిశోధకులు వెల్లడించారు. తల్లికి 25 ఏళ్లప్పుడు ఈ అవకాశం సుమారు 1,250 కాన్పుల్లో ఒకటి. 40 ఏళ్లకు సుమారు 100లో ఒకటి. చిన్న వయసు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడతారు. కొన్నిసార్లు పొరపాటు తండ్రి వీర్యకణంలోనే జరుగుతుంది.

ఇదంతా దాతలకు ఎందుకు చెబుతున్నామంటే, ఇలాంటి బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట మాట పడేది తల్లే. నజర్ తగిలిందనీ, గ్రహణం నాడు బయటికి వెళ్లిందనీ, తినకూడనిది తిన్నదనీ అంటారు. వీటిలో ఏదీ కారణం కాదు. కంటికి కనిపించని ఒక ఉంగరం సడలినందుకు ఏ తల్లినీ దోషిగా నిలబెట్టలేం.

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. అందుకే పుట్టిన వెంటనే ఎకో పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాల్లో ఉచితంగా పరీక్షలు, మాట, నడక శిక్షణ లభిస్తాయి. దారి ఖర్చులకూ, రోజుకూలీ పోయిన నాటి తిండికీ సాయం చేస్తే తల్లి బిడ్డను ఎత్తుకొని అక్కడిదాకా వెళ్లగలదు. మన సాయంతో పాటు, ఇందులో ఆమె తప్పేమీ లేదన్న మాట కూడా ఆ ఇంటికి చేరాలి.