ఇన్వర్టర్ బ్యాటరీకి ఏ నీళ్లు?

కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతోందంటే దాని వెనక చాలా ఇళ్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీయే ఉంటుంది. 12 వోల్టులంటే లోపల 6 సెల్స్, ఒక్కోటి సుమారు 2 వోల్టులు. ఛార్జింగ్ చివర్లో లోపలి నీరు కొద్దికొద్దిగా హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి బయటికి పోతుంది. పోయేది నీరే, యాసిడ్ కాదు. అందుకే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. యాసిడ్ పోస్తే బ్యాకప్ పెరుగుతుందనేది ఉత్త మాట, గాఢత పెరిగి ప్లేట్లు పాడవుతాయి. బోరు నీళ్లలోని లవణాలూ అంతే పని చేస్తాయి. (మినరల్ వాటర్ కూడా డిస్టిల్డ్ కాదు బాస్!) నీరు తగ్గి ప్లేట్లు బయటపడితే సల్ఫేట్ గట్టిపడి, ఆ భాగం సరిగ్గా ఛార్జ్ తీసుకోదు.

ఇక ఆ హైడ్రోజన్ సంగతి. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకే అంటుకుంటుంది. మీ ఇంట్లో బ్యాటరీ మూసిన అల్మరాలోనో, దీపం పెట్టే మూలనో ఉంటే, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గాలి ఆడే చోటికి మార్పించమని ఇవాళే అమ్మకి చెప్పండి.