విమాన ఉద్గారాలు – మేఘరేఖల నిర్మాణం: విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

ప్రస్తావన

ఖరీఫ్ వేరుశనగలో ఊడలు దిగే దశలో బెట్ట ఏర్పడిన ఒక సంవత్సరం, అనంతపురం జిల్లాలో జరిగిన రైతు సదస్సులో ఒక పెద్దాయన ఆకాశంలోని తెల్లని చారను చూపి, “ఆ ఇమానాలు ఏందో మందు చల్లిపోతాండాయంట సార్, అందుకేనా వాన రాంది?” అని ప్రశ్నించారు. “అదేం లేదు, అది పొగ” అని ఈ వ్యాసకర్త బదులిచ్చి తదుపరి అంశానికి వెళ్ళడం జరిగింది. ఆ సమాధానం సరికాదు. పొగ అని మనమే చెప్పినప్పుడు అందులో మందు కలిసి ఉండవచ్చునన్న అనుమానం రైతులో మరింత బలపడుతుంది. నిజానికి ఆ చార ప్రధానంగా మంచు స్ఫటికాల సమూహం. శాస్త్ర పరిభాషలో దీనిని కాంట్రెయిల్ అంటారు. ఈ వ్యాసంలో మేఘరేఖ అని వ్యవహరిద్దాం.

ఇంధన దహనం – ఉద్గారాలు

ఒక కిలో విమాన ఇంధనం మండినప్పుడు సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్, 1.24 కిలోల నీటి ఆవిరి వెలువడతాయి. ఇంధనంలోని కార్బన్, హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలియుటచే ఉత్పన్నాల బరువు ఇంధనం బరువును మించుతుంది. వీటితోపాటు నైట్రోజన్ ఆక్సైడ్లు, గంధక సమ్మేళనాలు, మసి కణాలు వెలువడతాయి. నేటి సాధారణ ఇంజన్లలో కిలో ఇంధనానికి మసి కణాల సంఖ్య 100 నుండి 1,000 లక్షల కోట్ల వరకు ఉంటుంది. మేఘరేఖ ఏర్పాటులో ప్రధాన పాత్ర నీటి ఆవిరిది, మసి కణాలది. కార్బన్ డయాక్సైడ్‌కు ఇందులో ప్రమేయం లేదు.

మేఘరేఖ ఏర్పడు విధానం

చలికాలపు ఉదయం మన శ్వాస తెల్లగా కనిపించడం అందరికీ అనుభవమే. వెచ్చని, తేమగల గాలి చల్లని గాలితో కలిసినప్పుడు ఆ మిశ్రమం సంతృప్త స్థితిని దాటుతుంది. ఇంజన్ వెనుక జరిగేదీ ఇదే. 10–12 కిలోమీటర్ల ఎత్తున చుట్టుపక్కల గాలి సుమారు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉన్నప్పుడు, వెలువడిన ఆవిరి మసి కణాలపై సూక్ష్మ బిందువులుగా చేరి వెంటనే గడ్డకడుతుంది. ఇంధనంలోని గంధకం నుండి ఏర్పడే ఆమ్లం మసి కణాలపై పూతగా చేరి నీటిని ఆకర్షించుటకు తోడ్పడుతుంది. ఈ ఉష్ణోగ్రతా పరిమితిని 1941లో జర్మనీలో ష్మిట్, 1953లో అమెరికాలో యాపిల్‌మన్ గణించారు.

ఇంజన్ సామర్థ్యం పెరిగితే మేఘరేఖలు తగ్గుతాయని భావించరాదు. సామర్థ్యం పెరిగిన కొలదీ వెలువడే వాయువుల వేడి తగ్గుతుంది, ఆవిరి మాత్రం అంతే ఉంటుంది. కనుక కొంత వెచ్చని గాలిలో కూడా మేఘరేఖ ఏర్పడగలదు. పాత, కొత్త తరాల విమానాలను ఒకే ఎత్తున పక్కపక్కన నడిపి చేసిన పరీక్షలో కొత్తదాని వెనుక మాత్రమే చార కనిపించిన సందర్భం నమోదైనది.

మేఘరేఖ ఎంతసేపు నిలుస్తుంది?

మైనస్ 40 డిగ్రీల వద్ద ద్రవజలం ప్రాతిపదికన 68 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలి, మంచు ప్రాతిపదికన అప్పటికే సంతృప్తమై ఉంటుంది. ఆర్ద్రత అంతకన్నా తక్కువైతే చార నిమిషాలలో మాయమవుతుంది. ఎక్కువైతే గంటల తరబడి నిలిచి, వెడల్పై, పింఛమేఘంగా వ్యాపిస్తుంది. ఇట్లు నిలిచిన మేఘరేఖలోని మంచులో అధికభాగం పరిసర వాతావరణం నుండి చేరినదే. విత్తనం విమానానిది, తేమ ఆకాశానిది.

వాతావరణంపై ప్రభావం

మేఘరేఖలు పగలు కొంత సూర్యరశ్మిని పరావర్తనం చేస్తాయి. రాత్రింబవళ్ళు భూమి నుండి పోయే దీర్ఘతరంగ వికిరణాన్ని అడ్డగిస్తాయి. ప్రపంచస్థాయిలో నికర ఫలితం తాపనమే. 2018 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ఈ మేఘాల వలన కలిగే వికిరణ ప్రభావం చదరపు మీటరుకు సుమారు 57 మిల్లీవాట్లు. విమానయాన కార్బన్ డయాక్సైడ్ వలన సుమారు 34. అయితే మొదటి అంకెలో అనిశ్చితి చాలా ఎక్కువ (17 నుండి 98 వరకు). రాత్రి ఉష్ణోగ్రత పెరుగుదల వరి దిగుబడిని తగ్గిస్తుందన్నది మనకు తెలిసిన విషయమే. కాని దానిని ఆధారం చేసుకుని ఒక మండలంలోని దిగుబడి నష్టాన్ని మేఘరేఖలకు ఆపాదించడం అశాస్త్రీయం.

రైతుకు చెప్పవలసినది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మేఘమథనం జరిగిన జ్ఞాపకం రైతులలో ఉన్నందున పై అనుమానం సహజం. మేఘమథనంలో అప్పటికే ఉన్న వర్షమేఘంలో సిల్వర్ అయొడైడ్ లేదా లవణ కణాలను ఉద్దేశపూర్వకంగా ప్రయోగిస్తారు. మేఘరేఖ ఇంధన దహనం వలన దానంతటదే ఏర్పడుతుంది. మన వానలకు కావలసిన తేమ ప్రధానంగా వాతావరణపు దిగువ పొరలలో ఉంటుంది; బెట్టకు కారణాలను ఋతుపవన ద్రోణి స్థానంలో, అల్పపీడనాల కొరతలో వెదకవలెను.

ముగింపు

విద్యార్థులు వ్యవసాయ వాతావరణ వేధశాలలో మేఘ పరిశీలన చేయునప్పుడు, చార కనిపించిన వేళను, అది నిలిచిన వ్యవధిని కూడా నమోదు చేయుట మంచి అభ్యాసం. పైగాలిలోని తేమను అది కంటికి చూపుతుంది. రైతు అడిగినప్పుడు “అది పొగ కాదు, మంచు, వానను ఆపేది అది కాదు” అని కారణంతో సహా చెప్పగలగాలి. ఆ సదస్సులో ఆ పెద్దాయనకు దక్కవలసిన సమాధానం అదే.