నీ కూపే మోజు, నాయన పాత సెడాన్

చెల్లీ, బెంగళూరులో సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ ఒకటి చూసొచ్చానని నువ్వు ఫోన్లో చెప్తుంటే నాకూ ముచ్చటేసింది. ఆడపిల్లకి రెండు తలుపుల స్పోర్ట్స్ కారెందుకని చౌడేపల్లెలో ఎవరన్నా అంటే వాళ్లకి జవాబు నేను చెప్తాను. నీ సంపాదన, నీ ఇష్టం. నా మనసుకి పట్టంది ఒక్కటే: ఇంటి ముందు రెండు బండ్లకి చోటు లేదు కాబట్టి నాయన పాత సెడాన్ ఎస్టీమ్‌ని అమ్మేద్దామన్నావే, అదీ.

మస్టాంగ్ గొప్ప బండే. మన దేశానికి 2016లో వచ్చినప్పుడు ధర సుమారు 65 లక్షలు. అయిదు లీటర్ల వీ8 ఇంజను, నాలుగు వందల గుర్రాల బలం. అసలు దాని పుట్టుక తెలుసా నీకు? 1964లో ఫోర్డ్ వాళ్లు దాన్ని గాల్లోంచి పుట్టించలేదు. ఫాల్కన్ అనే మామూలు కుటుంబాల కారు ఉండేది. దాని అడుగుభాగం, ఇంజన్లు తీసుకుని ముందు బానెట్ సాగదీశారు, వెనక భాగం కుదించారు. రెండేళ్లు తిరక్కుండానే పది లక్షల బండ్లు తయారయ్యాయి. ఆ అందం కోసం వాళ్లు కోసేసింది వెనక సీటు చోటే. మన దగ్గర దీనికి తలకిందులుగా జరిగింది. 1961లో మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అనే కారు రెండు తలుపులతో మొదలైంది. ఇంటిల్లిపాదీ ఎక్కే దేశం కదా, కొన్నేళ్లకే దానికి నాలుగు తలుపులు పెట్టాల్సొచ్చింది.

అందుకే బండి ఏదైనా వెనక తలుపు దగ్గర నిలబడి చూడాలంటాను. ఆదివారం మనవాళ్లు బోయకొండ గంగమ్మ గుడికి బయల్దేరే తీరు గుర్తు తెచ్చుకో. డిక్కీలో పొంగలి తపేలా, బియ్యం, కాళ్లు కట్టిన కోడి, దాని కింద పాత గోనెసంచి. అవ్వ ముందు పక్కకి తిరిగి సీటు మీద కూర్చుంటుంది. తర్వాత కిటికీ పైన ఉన్న పిడి పట్టుకుని, ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటుంది. మోకాళ్లు అరిగిన మనిషికి అదొక్కటే దారి. కూపేలో అయితే ముందు సీటు వంచి, ఆ సందులోంచి నడుం వంచుకుని దూరాలి. అవ్వ దూరగలదా? పోనీ ముందు కూర్చోబెడదామంటే, సీటు నేలకి అంత దగ్గరగా ఉంటే లేపడానికి ఇద్దరు కావాలి.

ఇంకోటి, మన స్పీడ్ బ్రేకర్లు. రోడ్డు కాంగ్రెస్ లెక్క ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, పైన మెల్లగా ఒంపు తిరగాలి. పల్లెల్లో తారు కుమ్మరించి కట్టుకునేవాటికి ఆ లెక్క ఎక్కడుంటుంది? మస్టాంగ్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.7 మీటర్ల పైన దూరం. నలుగురు కూర్చుంటే ఆ పొడుగాటి పొట్ట ఇంకా కిందికి దిగుతుంది.

ఎస్టీమ్‌లో లోపాలు లేవని అనను. దాంట్లో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. రాత్రిపూట ములబాగల్, కోలార్ దాటి బెంగళూరు హైవే మీద నాయన దాన్ని తోలుతుంటే నాకు నిద్ర పట్టదు. కానీ కొత్తది, ఖరీదైనది అయితే చాలు భద్రం అనుకోకు. 2017 మొదట్లో యూరో ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో మస్టాంగ్‌కి అయిదింటికి రెండే నక్షత్రాలు వచ్చాయి. దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు లేకపోవడం ఒకటైతే, వెనక కూర్చున్నవాళ్లకి రక్షణ చాలకపోవడం ఇంకోటి. మార్పులు చేశాక మూడయ్యాయి. చూశావా, అక్కడా దెబ్బ పడింది వెనక సీటుకే.

కాగితాల సంగతీ చెప్పాలి. కర్ణాటక నంబరు బండి మన రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ధర బండికి అదే పెద్ద మొత్తం. ఎస్టీమ్‌కి 15 ఏళ్లు నిండాయి కాబట్టి అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ పొడిగించుకోవాలి. చిన్నాచితకా పని పడితే మదనపల్లె మెకానిక్ చేసిపెడతాడు. నీ కూపేకి బెంగళూరే గతి.

నా మాట విను అమ్మణ్ణీ. నాయన బండి ఇప్పుడే అమ్మొద్దు. అవ్వ ఎక్కగలిగిన బండి ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. ఇంకాస్త కూడబెట్టి, ఎయిర్‌బ్యాగులున్న ఎత్తైన సెడాన్‌కి దాన్ని మార్చు. నీ కూపే బెంగళూరులో నీ ఇంటి దగ్గరే పెట్టుకో, అక్కడి రోడ్ల మీద నీ ఇష్టమొచ్చినట్టు తోలుకో. అంతలోపే కూపే కొనాలనుకుంటే, టెస్ట్ డ్రైవ్‌కి అవ్వని కూడా తీసుకెళ్లు. సేల్స్ వాళ్లు ఏమనుకున్నా సరే, ఒక్కసారి వెనక సీట్లో కూర్చోబెట్టి చూడు. రోజు చెప్తే నేనూ వస్తాను.