ఇంటి వై-ఫై నిలుకడగా లేనప్పుడు లోపము నెచ్చట వెదకవలెను?

2025 వ సంవత్సరపు వానకాలపు పత్తి కొనుగోలునకై భారత పత్తి సంస్థవారు 'కపాస్ కిసాన్' అను యాప్‌ను ప్రవేశపెట్టిరి. రైతు తన పేరును, భూమి వివరములను అందు నమోదు చేసికొని, పత్తిని కేంద్రమునకు తెచ్చు దినమును స్లాటు రూపమున ముందుగానే నిర్ణయించుకొనవలసి వచ్చెను. ఆ యేట పొడవు పింజె పత్తికి క్వింటాలు 1కి మద్దతు ధర 8,110 రూపాయలు. మధ్యరకమునకు 7,710. మునుపు పత్తి నింపుకొని జనగామ దారి పట్టినచో చాలియుండెను. ఇప్పుడు ఇల్లు నిండ పత్తి యున్నను, చేతిలోని ఫోను పని చేయనిచో కేంద్రమునకు పోవు దినము నిశ్చయము కాదు. పీఎం కిసాన్ ధనమునకు ఇ-కేవైసీ చేసికొనుటయు నిట్టిదే. కావున బచ్చన్నపేట ప్రాంతమున ఇంట ఫైబరు తీగ పెట్టించుకొన్న సభ్యుల యుపయోగార్థము ఈ పాఠమును వ్రాయుచున్నాము.

చివరి మడికి నీరు పారనప్పుడు మనము వెంటనే క్రొత్త మోటారు కొనము. బోరు కడ పైపు నోట నీరు పడుచున్నదా యని మొదట చూతుము. పడుచున్నచో కాలువ వెంబడి నడిచి గండి యెచ్చటనో కనుగొందుము. వై-ఫై విషయమునను నిట్లే చేయవలెను. వెలుపలి తీగ ఇంటిలోని రూటరు పెట్టె వరకు వచ్చుట యొకటి, ఆ పెట్టె నుండి ఫోనునకు గాలిలో సంకేతము పోవుట రెండవది, ఫోను మూడవది. ఈ మూటిలో చెడినది యేదో తెలియకయే క్రొత్త ఫోను కొనువారిని, పెద్ద ప్లానునకు మారువారిని చూచుచున్నాము. అది వృథా వ్యయము.

పరీక్షకు రెండు ఫోనులు చాలును. రెంటిలోను మొబైల్ డేటాను ఆపి, రూటరునకు రెండడుగుల దూరమున నిలిచి, ఏదైన నొక వీడియోను తెరువుడు. రెండును ఆగిపోయినచో లోపము తీగయందో పెట్టెయందో యున్నది. దగ్గర చక్కగా నడచి వెనుక గదిలో ఆగిపోయినచో లోపము గాలి మార్గమున నున్నది. ఒక ఫోను నడచి రెండవది నడవనిచో ఆ రెండవ ఫోనునే శోధింపవలెను.

తీగ సంగతి మొదట. రూటరు మీది దీపములలో 'ఎల్ఓఎస్' అని వ్రాసిన చోట ఎఱ్ఱదీపము వెలుగుచున్నను మినుకుచున్నను, ఫైబరు ద్వారా వెలుగు వచ్చుట లేదని యర్థము. ఫోనులో నేమి మార్చినను ఫలముండదు, లైనుమన్‌ను పిలువవలసినదే. పత్తి బోరెములు ఎత్తుగా నింపిన బండ్లు తిరుగు దినములలో వీథి కడ్డముగా వ్రేలాడు తీగ తగిలి తెగుట వింత కాదు. ఇంటిలోపల తీగను మేకునకు బిగించి మడచినను లోని గాజుపోగు దెబ్బతినును. ఊడిన తీగ కొనలోనికి కన్నుపెట్టి చూడరాదు. అందు వచ్చు వెలుగు కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు.

ఎఱ్ఱదీపము లేక యుండియు నెట్ రానిచో, రీఛార్జి గడువు తీరినదేమో చూచి, రూటరును అర నిమిషము ఆపి మరల వేసి మూడు నిమిషములు ఓర్చి చూడుడు. పెట్టె వెనుక సూది దూరునంత రంధ్రమును మాత్రము గ్రుచ్చకుడు. సంస్థవారు పెట్టి పోయిన అమరికలన్నియు నందుచే చెరిగిపోవును. కరెంటు ఱెప్పపాటు పోయి వచ్చినను రూటరు మొదటి నుండి లేచుటకు రెండు మూడు నిమిషములు పట్టును. పలుమారు నెట్ పోవు ఇండ్లలో ననేక పర్యాయములు కారణమిదియే. రూటరునకు చిన్న యూపీఎస్ దొరకును. దాని వోల్టులు పాత అడాప్టరు మీద నున్న అంకెతో సరిపోవలెను, ఆంపియర్లు అంతకు తగ్గరాదు.

ఇక గాలి మార్గము. మన ఇండ్లలో నెక్కువ చిక్కు లిచ్చటనే యున్నవి. తీగ యెచ్చట లోనికి వచ్చెనో అచ్చటనే, టీవీ వెనుకనో ఇనుప బీరువా ప్రక్కనో, రూటరును తగిలించి పోవుదురు. ఇనుము సంకేతమును త్రిప్పికొట్టును. దళసరి మట్టిగోడయు స్లాబును దానిని మింగును. నీళ్ల ట్యాంకును అట్టిదే. రేకుల కొట్టములోనికి సంకేతము చేరుట మఱింత కష్టము. పెట్టెను ఇంటి నడిమి గదిలో, మనిషి తల యెత్తున, అడ్డము లేని చోటికి మార్చినచో సగము బాధ తీరును.

చాల రూటర్లు రెండు పేర్లతో సంకేత మిచ్చును. ఒక పేరు చివర '5జి' అని యుండును. అది టవరు నుండి వచ్చు 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్ అను తరంగము. వేగమెక్కువ గాని గోడలు దాటుటలో బలహీనము. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదియైనను దూరము పోవును. కావున రూటరున్న గదిలో మొదటిదానిని, అరుగు మీదను పశువుల కొట్టమునను రెండవదానిని ఎన్నుకొనుడు. సంకేతమును పెంచు 'బూస్టరు' కొనువారు దానిని సంకేతమే లేని మూలన పెట్టి అది పనికిరాదని నిందింతురు. ఎండిన గుంటలో మోటారు పెట్టిన నీ రెట్లు వచ్చును? నడిమార్గమున, సంకేత మింకను బాగుగా నందుచున్న చోట నుంచవలెను.

ఫోనునందే లోపమైనచో, వై-ఫై పేరును మఱపించి, రహస్యపదమును మరల వ్రాసి చేర్చుడు. తేదీయు గంటయు తప్పుగా నున్నను బ్యాంకు, ప్రభుత్వ పుటలు తెరచుకొనవు. వానిని స్వయముగా సరిచేసికొను అమరికలో నుంచుడు. వై-ఫై బలహీనమైనప్పుడు తనంతట మొబైల్ డేటాకు దుముకు అమరిక కొన్ని ఫోనులలో గలదు. దరఖాస్తు సగములో నుండగా నట్లు దుమికినచో పని మొదటికి రావచ్చును. ఆ కాసేపు మొబైల్ డేటాను ఆపుట మేలు. ఓటీపీకి దానితో నిమిత్తము లేదు. ఓటీపీ సాధారణముగా సిమ్‌నకు సందేశముగా టవరు నుండి వచ్చును. వై-ఫై నిండుగా నున్నను టవరు గీతలు లేని గదిలో అది రాకపోవచ్చును. అట్టి ఇంటివారు ఓటీపీ కోరిన వెంటనే వాకిటికి రావలెను.

స్లాటు తీసికొనవలసిన దినమునకు ముందటి సాయంకాలమే ఈ పరీక్ష చేసికొనుడు. ఫిర్యాదు చేయవలసి వచ్చినచో "నెట్ వచ్చుట లేదు" అని మాత్రము చెప్పక, ఏ దినమున ఏ గంటకు పోయినది, ఏ దీపము ఏ రంగున నుండెను, రూటరు దగ్గర రెండు ఫోనులును ఆగినవా యనునది రెండు దినములు కాగితముపై గుర్తుంచి చదివి వినిపింపుడు. వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను ఆ కాగితము మీదనే వ్రాసికొనుడు.