క్వేజార్ ఇంట్లో నక్షత్రాలు పుడతాయా?

సింగపూర్ భూమధ్యరేఖకు 1.3 డిగ్రీల ఉత్తరాన ఉంది. కన్యారాశిలోని 3సి 273 అనే క్వేజార్ ఖగోళ మధ్యరేఖకు 2 డిగ్రీల ఉత్తరాన ఉంది. అందుకే ఏప్రిల్ నెలాఖరున రాత్రి 11 గంటల ప్రాంతంలో అది ఇక్కడ దాదాపు మన నడినెత్తినే ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. మబ్బులేని చీకటి రాత్రి 8 అంగుళాల టెలిస్కోపులో చిన్న చుక్కలా కనిపిస్తుంది.

అది నక్షత్రం కాదనీ, ఎంతో దూరాన ఉందనీ 1963లో మార్టెన్ ష్మిట్ తేల్చారు. దూరం 200 కోట్ల కాంతి సంవత్సరాల పైమాటే. గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం వాయువును మింగుతుంటే పుట్టే వెలుగే క్వేజార్.

చిక్కంతా ఇక్కడే. నక్షత్రాలు పుట్టడానికి ముడిసరుకు కూడా వాయువే, అదీ చల్లగా ఉండాలి. క్వేజార్ వెలుగు దాన్ని వేడెక్కించి తరిమేస్తే? ఒకే ప్రాసెస్ సర్వర్ మెమరీనంతా పట్టుకుంటే మిగతావి ఆగిపోయినట్టు, నక్షత్రాల పుట్టుక ఆగిపోవాలి. ఇలాంటి అడ్డుకట్ట లేకపోతే కంప్యూటర్ సిమ్యులేషన్లలో పెద్ద గెలాక్సీలు ఉండాల్సిన దానికన్నా బాగా పెరిగిపోతాయి.

మరి సరిచూడటం ఎలా? క్వేజార్ ధగధగలో చుట్టూ ఉన్న గెలాక్సీ కనబడదు. షిన్యా కొముగి బృందం చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు డేటాలోంచి ఆ ధగధగను తీసేసి, 2022లో ఫలితాలు ప్రచురించింది. వేల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న వాయువు బయటపడింది. క్వేజార్ కాంతిలో సుమారు 7 శాతాన్ని అది పీల్చుకుంటోంది. అయినా నక్షత్రాలకు కావలసిన చల్లని వాయువు ఇంకా బోలెడు ఉంది!

అంటే సిద్ధాంతం తప్పా? అలా అనలేం. ఇది లాగ్ ఫైల్లో ఒక్క లైను మాత్రమే. ప్రభావం కోట్ల ఏళ్ళ తర్వాత తెలియవచ్చు. వెలుగు ఉన్నంత మాత్రాన వినాశనం జరిగిపోయినట్టు కాదని మాత్రం 3సి 273 చెబుతోంది.